ఒకే కల్పిత భాషకు మూడు యాసలు: ధ్వనులు ఎలా మార్చాలి?

చుక్కలలిపి (ప్రశ్న):

ఒక కథ కోసం కెమురి అనే కల్పిత భాష కడుతున్నాను. మూలభాషలో పరుషాలు క త ప, సరళాలు గ ద బ, అనునాసికాలు మ న, ఇవి కాక స ల ర య వ. మొత్తం 13 హల్లులు. అచ్చులు అ ఇ ఉ ఎ ఒ, అన్నీ హ్రస్వాలే. మహాప్రాణాలు (ఖ ఘ లాంటివి) లేవు, మూర్ధన్యాలు (ట డ ణ లాంటివి) లేవు. అక్షరం చివర హల్లు ఆగాలంటే న్, ల్, ర్ మాత్రమే ఆగుతాయి. ఊనిక (పలికేటప్పుడు ఒక అక్షరం మీద వేసే బలం) ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ప్రత్యయం చేరితే దాన్ని కూడా కలుపుకునే లెక్క.

ఈ భాష మాట్లాడేవాళ్లు మూడుచోట్ల ఉంటారు: ఏటి ఒడ్డున, కొండల్లో, దీవుల్లో. ఏటి యాసను మూలభాష లాగే ఉంచేశాను. కొండ యాసలో స ఉన్నచోటల్లా శ పెట్టాను, దీవి యాసలో క ఉన్నచోటల్లా గ పెట్టాను. కొండకీ దీవికీ చెరో ఇరవై వేరే మాటలు కూడా ఇచ్చాను. చదివి చూస్తే యాసల్లా లేవు, పిల్లలు ఆడుకునే రహస్య భాషలా ఉన్నాయి.

కొన్ని మాటలు: మొపెకి (ఇల్లు), కెలపి (ఏరు), నెగిదొ (కన్ను), పెనత (తాడు), సెనత (రెక్క), తికున (రాయి), లబుస (చేప), సగిలు (ఉప్పు), కరన్ (అడవి). బహువచనానికి -న, ‘లో’ అనే అర్థానికి -పె.

యాసలు నిజమైనవి అనిపించాలంటే ధ్వనులను ఏ పద్ధతిలో మార్చాలి? ఒక యాసవాళ్లకు ఇంకో యాస ఎంతవరకు అర్థమవుతుందో ఎలా తేల్చుకోవాలి? రాత అందరికీ ఒకటే ఉండొచ్చా?


పరుషసరళం:

స తీసి శ పెడితే భాషలో ఏమీ మారదు. ఏ రెండు మాటల మధ్య ఏ తేడా ఉండేదో అది అలాగే ఉంటుంది, గుర్తు ఒక్కటే కొత్తది. అందుకే అది రహస్య భాషలా వినిపిస్తోంది. ధ్వనిమార్పు సూత్రంలో మూడు భాగాలుండాలి: ఏ ధ్వని, ఏ పరిసరంలో, దేనిగా మారింది. పరిసరం రాయని సూత్రాన్ని పక్కన పెట్టండి. పరిసరం కుదిరిన ప్రతి మాటలోనూ మార్పు జరగాలి, మాట అందం చెడుతోందని ఒకదాన్ని వదిలేయకూడదు.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ కన్నడం. పాలు అక్కడ హాలు, పులి హులి, పండు హణ్ణు. కానీ అప్ప, తప్పు అలాగే ఉన్నాయి, ఎందుకంటే ద్విత్వ ప్ప మారలేదు. ఇంకో సంగతి: కన్నడంలో పుస్తకానికి హొత్తగె ఉంది, పుస్తక కూడా ఉంది. మొదటిది మార్పుకు ముందే భాషలోకి వచ్చి మార్పుకు లోనైంది, రెండోది మార్పు ఆగిపోయాక సంస్కృతం నుంచి నేరుగా వచ్చింది. ‘మినహాయింపు’ కావాలనిపించినప్పుడు వాడుకోవాల్సిన దారి ఇది. అరువు మాటకు ఒక కాలం ఇస్తే చాలు, సూత్రాన్ని విరగ్గొట్టక్కర్లేదు.

దిశ కూడా చూసుకోండి. అచ్చుల మధ్య ప కాస్తా బ, బ కాస్తా వ, ఆ వ కూడా పోవడం చాలా భాషల్లో జరిగింది. స పోయి హ రావడం మామూలే, హ పోయి స రావడం దాదాపు కనిపించదు. ఇ, ఎ ల ముందు క చ కావడం చాలా భాషల్లో ఉంటుంది, చ తిరిగి క కావడం అరుదు. మాట మొదట్లోని క లతో సహా అన్నిటినీ గ చేసిన మీ దీవి సూత్రం ఆ లెక్కన అతకదు.

మీ మాటల మీదే చేసి చూపిస్తాను.

ఏటి యాస. రెండు మార్పులు, ఇదే వరసలో. ఒకటి: అచ్చుల మధ్య బ పోయి వ, ద పోయి ర, గ పూర్తిగా లోపం. రెండు: అచ్చుల మధ్య ప త క లు బ ద గ లవుతాయి. మొపెకి మొబెగి అవుతుంది, కెలపి కెలబి, పెనత పెనద, సెనత సెనద, తికున తిగున, లబుస లవుస. నెగిదొలో గ పోయి, ద ర అయ్యి నెఇరొ మిగులుతుంది. ఎ, ఇ కలిసిపోనిస్తే నేరొ. సగిలు సఇలు అయ్యి సైలు. చూడండి, మూలభాషలో లేని దీర్ఘం, ఐ రెండూ అడక్కుండానే పుట్టాయి. ఇలాంటి ఉపఫలాలను తుడిచేయకండి, యాసకు రుచి వాటితోనే వస్తుంది.

వరస తిరగేస్తే ఏమవుతుంది? ముందు ప కాస్తా బ అయి, ఆ బ మళ్లీ మొదటి మార్పుకు దొరికి వ అవుతుంది. మొపెకి మొవెఇ, కెలపి కెలవి. అచ్చుల మధ్య పరుషాలు, సరళాలు అన్నీ కరిగిపోయి మాటలన్నీ ఒకేలా మెత్తబడతాయి. మొదటి వరసలో మాత్రం పాత సరళం ముందు జరిగి చోటిస్తుంది, పాత పరుషం ఆ ఖాళీలోకి వస్తుంది. లాటిన్ నుంచి స్పానిష్‌కు వచ్చిన దారి ఇదే: అమీక (స్నేహితురాలు) పోయి అమీగ, రేగీన (రాణి) పోయి రెయ్‌న. ద్విత్వం ఉన్న గుత్త (చుక్క) మాత్రం గోతగా ఆగింది. ద్విత్వం ఒంటి పరుషంగా, పరుషం సరళంగా, సరళం లోపంగా, ఒకదాని వెనక ఒకటి ఒక్కో మెట్టు దిగాయి.

కొండ యాస. ఇక్కడ హల్లులు గట్టిగానే ఉండనివ్వండి, మాట చివర్లు కొట్టేద్దాం. (ఒకటి) ఇ, ఎ ల ముందు క పోయి చ, గ పోయి జ. (రెండు) మాట చివర ఊనిక లేని ఇ, ఉ లోపం. మొదటిది మన భాషలోనే జరిగింది: కన్నడంలో కివి, కెరె, మనకు చెవి, చెరువు. అయితే ఆ మార్పు నడిచిన కాలంలో క్రిందలో క పక్కనే ర ఉంది కాబట్టి అది మారలేదు. తర్వాత ర జారిపోయి కింద అయ్యింది. అప్పటికి తాలవ్యీకరణం (క ఇలా చ కావడం) ఆగిపోయింది గనక ఇప్పుడు కి అలాగే నిలబడింది. మార్పులకు కాలం ఉంటుంది, కాలం దాటాక వచ్చిన ధ్వని తప్పించుకుంటుంది.

ఈ రెండు సూత్రాలనే రెండు వరసల్లో నడిపితే కొండ యాస రెండు పాయలవుతుంది. దిగువ కొండలో ఒకటో సూత్రం ముందు: మొపెకి మొపెచి అయ్యి, చివరి ఇ పోయి మొపెచ్. ఎగువ కొండలో రెండో సూత్రం ముందు: చివరి ఇ ముందే పోయి మొపెక్. చ చేయించే ఇ లేదు కాబట్టి క మిగిలిపోయింది. కెలపి రెండుచోట్లా చెలప్, సగిలు రెండుచోట్లా సజిల్, నెగిదొ నెజిదొ, తికున మారదు. అంటే ఎగువకూ దిగువకూ తేడా -కి, -గి తో ముగిసే మాటల్లో మాత్రమే వినిపిస్తుంది. పక్కపక్క ఊళ్ల మధ్య తేడాలు సరిగ్గా ఇంతే ఉంటాయి.

ఇప్పుడు బహువచనం చూడండి. మొపెకిన లో ఇ చివర లేదు, పోదు. రెండు కొండల్లోనూ మొపెచిన. కాబట్టి ఎగువ కొండలో ఒక ఇల్లు మొపెక్, చాలా ఇళ్లు మొపెచిన. ఒకే మాటలో క, చ లు మారుతూ ఉంటాయి. కొన్ని తరాల తర్వాత సాదృశ్యం వల్ల, అంటే మొపెక్ చూసి దానికి పోలికగా, ఎవరో మొపెకిన అనడం మొదలుపెడతారు. పెద్దవాళ్ల మాట మొపెచిన, పిల్లల మాట మొపెకిన. వయసును బట్టి యాస మారడం ఇలా వస్తుంది, దానికి వేరే సూత్రం అక్కర్లేదు.

దీవి యాస. స పోయి హ, ప పోయి హ, ఆ తర్వాత అచ్చుల మధ్య హ లోపం. అచ్చులు ఎదురెదురు పడ్డచోట ఒ, ఉ తర్వాత వ, మిగతాచోట్ల య ఆగమం. మొపెకి మొహెకి మీదుగా మొవెకి. కెలపి కెలయి, లబుస లబువ, సగిలు హగిలు, పెనత హెనత. పరుషాలు పూర్తిగా పోలేదు, క త లు ఉన్నాయి. ప మాత్రమే లేదు. అరబ్బీలో కూడా ప లేదు, వింతేమీ కాదు.

-పె ప్రత్యయాన్ని మరిచిపోవద్దు. ఏటి యాసలో అచ్చు తర్వాత -బె, న్ ల్ ర్ ల తర్వాత -పె: మొబెగిబె, కరన్‌పె. దీవిలో అచ్చు తర్వాత -యె లేదా -వె, హల్లు తర్వాత -హె: మొవెకియె, కరన్‌హె. మాటలు మార్చి ప్రత్యయాలను అలాగే వదిలేయడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం. ప్రత్యయం ప్రతి వాక్యంలోనూ వస్తుంది, యాస గుర్తుపట్టేది అక్కడే.


గీతలపటం:

పైన చెప్పిన సూత్రాలకు నాదేమీ అభ్యంతరం లేదు. ‘మూడు యాసలు’ అన్న మాటతోనే పేచీ. పటం మీద మూడు ముక్కలు గీసి ఒక్కో ముక్కకు ఒక్కో మూట సూత్రాలు ఇస్తే మళ్లీ కృత్రిమంగానే ఉంటుంది. నిజంగా ఉండేవి యాసల సరిహద్దులు కావు, ఒక్కో మార్పుకు ఒక్కో సరిహద్దు గీత. కొన్నిచోట్ల ఆ గీతలు దగ్గరగా కట్టలా నడుస్తాయి, అక్కడ ‘యాస మారింది’ అంటాం. ఇంకొన్నిచోట్ల విడిపోతాయి.

జర్మన్ నేలమీద ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఉత్తరాన ఇక్ (నేను), మాకెన్ (చేయడం), దోర్ప్ (ఊరు), దాత్ (అది) అంటారు. దక్షిణాన ఇఖ్, మాఖెన్, దోర్ఫ్, దాస్. తూర్పున ఈ గీతలు చాలా దూరం కలిసే వస్తాయి. రైన్ నది దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలా విచ్చుకుంటాయి. ఇఖ్ గీత అన్నిటికంటే ఉత్తరాన, దాని కింద మాఖెన్, ఆ కింద దోర్ఫ్, ఇంకా కింద దాస్. రెండు గీతల మధ్య ఉన్న ఊళ్లలో కొన్ని మార్పులు ఉంటాయి, కొన్ని ఉండవు. ఈ పటాలకు మూలం జర్మన్ భాషావేత్త గేయోర్గ్ వెంకర్ 1876లో మొదలుపెట్టిన పని. చివరికి 40 వాక్యాల పట్టికగా స్థిరపడిన దాన్ని బడిపంతుళ్లకు పంపి, మీ ఊరి మాటలో రాసి పంపండి అన్నాడు.

మీకు పనికొచ్చే పద్ధతి: పటం మీద పది పన్నెండు ఊళ్లు పెట్టండి. గళ్ల కాగితం లేదా స్ప్రెడ్‌షీట్‌లో ఊళ్లు అడ్డంగా, మార్పులు నిలువుగా రాయండి. ప్రతి గడిలో ఉంది, లేదు, సగం అని నింపండి. ‘సగం’ అంటే పెద్దవాళ్లలో లేదు, పిల్లల్లో ఉంది అని, లేదా ఇంట్లో ఒకలా సంతలో ఒకలా అని. ప్రతి మార్పుకూ ఒక పుట్టిన ఊరు ఇవ్వండి. అక్కడినుంచి జనం రాకపోకలున్న దారిన అది పాకుతుంది. దూరాన్ని కొలవాల్సింది కోసుల్లో కాదు, ప్రయాణంలో. పడవ నడిచే ఏటి వెంబడి యాభై ఊళ్లు దాటిన మార్పు, ఒక్క కనుమ అడ్డొస్తే ఆగిపోవచ్చు.

దీనివల్ల ఒక నియమం వస్తుంది. పుట్టినచోటికి దూరంగా ఉన్న ఊళ్లకు మార్పు ఆలస్యంగా చేరుతుంది, లేదా చేరదు. లాటిన్‌లో నూరుకు ఉన్న మాట కెంతుమ్. ఇటాలియన్‌లో అది చెంతో, ఫ్రెంచ్‌లో మొదటి హల్లు స. సార్డీనియా దీవి ఉత్తర మధ్య భాగంలోని లొగుదొరీస్ యాసలో ఇప్పటికీ కెంతు. కాబట్టి దీవుల్లో తాలవ్యీకరణం లేకపోవడం పరుషసరళం గారి లెక్కలో సరిగ్గానే కుదిరింది. అయితే ‘అంచున ఉన్నది పాతది’ అని గుడ్డిగా పట్టుకోవద్దు. అంచు ఊళ్లు బయటి మార్పులు అందుకోకపోయినా సొంత మార్పులు చేసుకుంటూనే ఉంటాయి. హవాయి భాష అలాంటిదే. మావోరీలో తపు (నిషిద్ధం) అనేది అక్కడ కపు. పాత క లు గొంతులో గాలిని ఒక్క క్షణం ఆపే ధ్వనిగా మారి ఖాళీ చేసిన చోటును త లు ఆక్రమించాయి. మొత్తం హల్లులు 8 మిగిలాయి.

ఎగువ, దిగువ కొండల మధ్య ఒక ఊరు తప్పకుండా పెట్టండి, మొపెచ్, మొపెక్ రెండూ వినిపించేది. కథకు కూడా పనికొస్తుంది.


చుక్కలలిపి:

ఇద్దరికీ ధన్యవాదాలు. సూత్రాలు నడిపి చూస్తున్నాను. దీవుల్లో పెనత, సెనత రెండూ హెనత అయిపోతున్నాయి. తాడుకీ రెక్కకీ ఒకే మాట. ఈ ఒక్కచోట స ను అలాగే వదిలేయొచ్చా? అలాగే దీవి పాత్ర ఏటి ఊరికి వచ్చి అక్కడివాళ్లలా మాట్లాడబోతే ఏ తప్పులు చేస్తుంది?


జిహ్వామూలీయం:

వదిలేయొద్దు. తాడు, రెక్క ఒకే వాక్యంలో ఒకదాని బదులు ఒకటి పడే సందర్భం దాదాపు ఉండదు. అలాంటి సమధ్వనులను ఏ భాషైనా హాయిగా మోస్తుంది. భయపడాల్సింది ఒకే కోవలోని మాటలు ఢీకొన్నప్పుడు: రెండు అంకెలు, కుడి ఎడమలు, ఔను కాదులు, ఇంట్లో పెంచే రెండు జంతువులు. సూత్రాలు నడిపాక ముందుగా వెతకాల్సింది ఈ జాబితాలనే. ఒకటి నుంచి పది వరకు అంకెలు, చుట్టరికాలు, సర్వనామాలు, దిక్కులు పక్కపక్కన పెట్టి చూడండి.

ఢీకొంటే జనం ఏం చేస్తారో ఫ్రాన్స్ నైరుతిలోని గాస్కనీ చూపిస్తుంది. అక్కడ లాటిన్ మాటల చివరి ద్విత్వ ల్ల త్ అయ్యింది. దాంతో కోడిపుంజుకున్న పాత మాట గత్ అవ్వాల్సి వచ్చింది. పిల్లికి అప్పటికే గత్ ఉంది. పిల్లి మాట నిలిచింది, పుంజు మాట పోయింది. దాని స్థానంలో ఫెజంట్ అనే పక్షిని చెప్పే మాటో, అధికారిని చెప్పే మాటో ఎగతాళిగా వచ్చి కూర్చుంది. ఈ సంగతిని పటాల మీద పట్టుకున్నవాడు భాషావేత్త గిలియెరోఁ. పాత మాట పోయిన ప్రాంతం హద్దూ, ల్ల త్ అయిన ప్రాంతం హద్దూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయి. ధ్వనులు వాటి దారిన మారిపోయాయి, సర్దుబాటు పదజాలంలో జరిగింది. మీరు విడిగా తయారుచేసిన ఇరవై మాటలకు ఇక్కడ అసలైన పని దొరుకుతుంది. గాలికి ఇచ్చేయకుండా, ఢీకొన్న మాటల బదులుగా వాటిని వాడండి.

దీవివాళ్ల దగ్గర ఉన్న దారులు: ఒకటి, సమాసం. పక్షి అనే మాట ముందు పెట్టి ‘పక్షి హెనత’ అంటే రెక్క. రెండు, అరువు. ఏటి వర్తకుల దగ్గర తాడు కొంటూ వాళ్ల మాటే తెచ్చుకుంటారు: పెనద. మార్పు ముగిశాక వచ్చింది కాబట్టి ప హ కాదు. అలా దీవి యాసలోకి ప మళ్లీ వస్తుంది, అరువు మాటల్లో మాత్రమే. దీవిలో తాడుకు పెనద అన్నారంటే అది కొన్న తాడు, నారతో ఇంట్లో పేనుకున్నది ఇంకా హెనతే అన్న తేడా కూడా వచ్చేయవచ్చు.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ప, స ల ఈ విలీనంలోనే ఉంది. రెండు వర్ణాలు కలిసిపోయాక వాటిని విడదీసే ధ్వని సూత్రం ఉండదు. ఏ హెనత ఒకప్పుడు ప తో ఉండేదో, ఏది స తో ఉండేదో దీవివాడికి తెలిసే వీల్లేదు, ఒక్కో మాటా నేర్చుకోవాల్సిందే. అందుకని ఏటి ఊళ్లో ‘మన హ అంటే వీళ్ల స’ అని లెక్కగట్టుకుని, తాడు అడగాల్సినచోట సెనద అంటాడు. సగిలుకు సైలు సరిగ్గా అంటాడు, పెనదకు తప్పుతాడు. అతిగా దిద్దుకోవడం వల్ల వచ్చే ఈ తప్పులు ఎప్పుడూ విలీనం జరిగిన వైపు నుంచే వస్తాయి. ఏటివాడు దీవి యాసను అనుకరిస్తే ఈ తప్పు చెయ్యడు. వాడికి ప, స రెండూ హ చేస్తే చాలు. వాడు తప్పేది ఇంకోచోట: తన వ లలో ఏది పాత బ, ఏది పాత వ అన్నది వాడికి తెలియదు. లవుసను లవువ అంటాడు, దీవివాళ్లు లబువ అంటారు.


రాయసగాడు:

రాత సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అందరికీ ఒకటే రాత ఉండొచ్చు, మూలభాష రూపంలోనే స్థిరపడిందనుకోండి. మొపెకి అని రాసి ఏటివాడు మొబెగి అని, దిగువ కొండవాడు మొపెచ్ అని, దీవివాడు మొవెకి అని చదువుతాడు. ఎవరికి వాళ్లకు తమ రాత ఉచ్చారణకు సరిపోయినట్టే ఉంటుంది. ఏటి పిల్లలకు ‘నడుమ ప వస్తే బ అని చదవాలి’ లాంటి కొన్ని నియమాలు చాలు.

రాతలో యాస బయటపడేది తప్పుల్లో, ఆ తప్పులూ ఊహకందేవే. విలీనమైన అక్షరాలే తారుమారవుతాయి. ఏటివాళ్లు మాట నడుమ బ, వ లు, ద, ర లు కలిపేస్తారు. ప, బ లను మాత్రం ఎప్పుడూ కలపరు, వాళ్లకు అవి వేరుగానే వినిపిస్తాయి. దీవివాళ్లు ప, స లు కలిపేస్తారు. కొండవాళ్లు చివరి ఇ, ఉ లు వదిలేస్తారు, ఇంకా సరదా ఏమిటంటే అవసరం లేనిచోట తగిలిస్తారు: కరన్ అన్నదాన్ని కరను అని రాస్తారు. కథలో ఒక ఉత్తరం ఎవరు రాశారో పట్టించడానికి ఇంతకంటే శుభ్రమైన ఆధారం దొరకదు.

సంభాషణల్లో తెలుగు లిపితో యాస చూపించేటప్పుడు అన్నీ రాయకండి. ఒక్కో యాసకు పాఠకుడి చెవికి తగిలే రెండు లక్షణాలు చాలు. కొండకు పొల్లు హల్లుతో ముగిసే మాటలు, చ. ఏటికి సరళాలు, దీర్ఘాలు. దీవికి హ, ఎదురెదురు అచ్చుల మధ్య య వ లు. మన లిపితో రెండు ఇబ్బందులున్నాయి. అ, ఉ, ఒ ల ముందు చ ను చాలామంది దంత్య ౘ గా చదువుతారు. కెమురిలో చ అన్నది ఇ, ఎ ల ముందు, లేదా మాట చివర మాత్రమే పుట్టింది కాబట్టి మీరు చాలావరకు క్షేమం. రెండోది, మాట చివర పొల్లు చూస్తే మన నాలుక ఉ చేర్చేస్తుంది. మొపెచ్‌ను మొపెచ్చు అని చదివేవాళ్లు ఉంటారు. కథలో మొదటిసారి వచ్చినప్పుడే ఇంకో పాత్ర చేత ఆ కత్తిరింపును ఎత్తిపొడిపించండి.

అర్థమవడం గురించి: నిఘంటువులో ఎన్ని మాటలు మారాయో లెక్కపెట్టడం దండగ. వెంకర్ పద్ధతిలో ముప్పై నలభై మామూలు వాక్యాలు రాయండి, వంట, వాన, పిల్లలు, బేరం. నాలుగు యాసల్లోనూ తిప్పండి. ప్రతి వాక్యానికీ, వినేవాడి యాస తప్ప ఏమీ తెలియనట్టు చదివి, అది తన భాషలో ఇంకో మాటలా వినిపిస్తోందా, ఏ మాటలానూ వినిపించడం లేదా, తేలిగ్గా పోల్చుకోగలడా అని మూడు రకాలుగా గుర్తు పెట్టండి. రెండు వైపులా విడివిడిగా చెయ్యాలి, ఎందుకంటే ఫలితం సమానంగా రాదు. పోర్చుగీసువాళ్లకు స్పానిష్ అర్థమైనంతగా స్పానిష్‌వాళ్లకు పోర్చుగీసు అర్థం కాదు. యూరప్ పోర్చుగీసులో ఊనిక లేని అచ్చులు బాగా నలిగిపోవడం దానికో కారణం. మీ కొండ యాస సరిగ్గా ఆ కోవలోదే. కొండవాళ్లు ఏటి మాట పట్టుకుంటారు, ఏటివాళ్లకు కొండ మాట సగం మింగేసినట్టుంటుంది.


చుక్కలలిపి:

చివరిగా ఒకటి. కొండ యాసలో చివరి ఇ, ఉ పోయాక ఊనిక ఎక్కడ పడాలి? మళ్లీ చివరి నుంచి రెండో అక్షరానికి జరపాలా?


పరుషసరళం:

జరపొద్దు. ఊనిక ఉన్న అక్షరం మీదే ఉంటుంది, దాని తర్వాతి అక్షరం కూలిపోతుంది అంతే. మొపెకిలో ఊనిక పె మీద. ఇ పోయాక మొపెచ్‌లో అదే పె, ఇప్పుడు చివరి అక్షరం. చెలప్‌లో లప్ మీద, సజిల్‌లో జిల్ మీద. నెజిదొ, తికునల్లో ఏమీ పోలేదు కాబట్టి పాత చోటే. పైపైన చూస్తే ‘హల్లుతో ముగిస్తే చివరి అక్షరం, అచ్చుతో ముగిస్తే దాని ముందుది’ అని కొత్త నియమం వచ్చినట్టుంటుంది.

కానీ మూలభాషలోనే న్, ల్, ర్ లతో ముగిసిన మాటలు ఆ నియమాన్ని చెడగొడతాయి. కరన్ (అడవి) లో ఊనిక మొదటినుంచీ క మీద ఉంది, ఏ అచ్చూ పోలేదు, ఇప్పుడూ క మీదే. మీ పదకోశంలోకి కరని అనే మాట ఒకటి చేర్చి, పాట అనే అర్థం ఇచ్చారనుకోండి. దాని ఊనిక ర మీద. ఇ పోతే అదీ కరన్, ఊనిక మాత్రం రెండో అక్షరం మీద. ఇప్పుడు అడవికీ పాటకీ తేడా ఊనిక ఒక్కటే. మూలభాషలో లెక్కగట్టి చెప్పగలిగిన ఊనిక, కొండ యాసలో అర్థాన్ని మార్చే ఊనిక అయ్యింది. ఏటివాడి చెవికి ఈ తేడా అందదు, వాడి యాసలో ఊనికతో అర్థం మారే జంటలు లేవు. ప్రత్యయం చేరితే మళ్లీ విడిపోతాయి: అడవిలో కరన్‌పె, పాటలో కరనిపె.

‘తి’ లాంటి ఒంటి అక్షరపు మాటలు ఉంటే వాటిలో ఊనిక ఆ ఒక్క అచ్చు మీదే ఉంటుంది కాబట్టి ఇ పోదు. సర్వనామాలు, అంకెలు చాలావరకు అలా బతికిపోతాయి.

పని వరస: కొండ యాస పదకోశంలో ఊనికకు ఒక వరస విడిగా కేటాయించండి. సూత్రాలు నడిపే ముందే మూలభాష మాట మీద ఊనిక గుర్తు పెట్టి, ఆ గుర్తుతోనే అన్ని మార్పులూ నడపండి. ధ్వనిమార్పులను వరసగా నడిపే చిన్న ప్రోగ్రాములు దొరుకుతాయి, వాటికి ఊనిక తెలియదు. ఊనిక ఉన్న అచ్చుకు వేరే అక్షరం వాడి, చివర్లో మామూలు అచ్చుగా మార్చే సూత్రం ఒకటి చేరిస్తే సరిపోతుంది. ఆ చివరి సూత్రం ముందుకు జారితే ఊనిక ఉన్నవీ లేనివీ కలిసిపోయి, చివరి ఇ ఉన్న ఒంటి అక్షరపు మాటలు కూడా ఎగిరిపోతాయి. ఫలితాల్లో ఒక్క హల్లే మిగిలిన మాటలు కనిపిస్తే ముందు అక్కడ వెతకండి.